పరిశీలనలో ఉన్న మావయ్య

మా రోజువారీ రైలు ప్రయాణికుల సంఘానికి మొదట్లో వాట్సాప్ గ్రూపు ఉండేది. పలాస బండి ఎంత ఆలస్యమో చూద్దామని ఫోను తెరిస్తే, ముందు గులాబీ పువ్వుల శుభోదయాలు దాటాలి. తరువాత మోకాళ్ల నొప్పుల నూనె దాటాలి. గంటలో అప్పు ఇప్పిస్తామనేవాళ్లను, బైపాసు పక్కన లేఔట్లు వేసినవాళ్లను కూడా దాటుకుని "బండి ప్లాట్‌ఫారం మీదకు వచ్చేసింది" అనే కబురు దగ్గరకు చేరేసరికి, అసలు బండి మా తరువాతి స్టేషను గరివిడి కూడా దాటిపోయి ఉండేది. నేను చీపురుపల్లిలో ఎక్కి విజయనగరంలో దిగి, అక్కడో ఆఫీసులో ఫైళ్లు కట్టే మనిషిని. ఆ గ్రూపు పుణ్యాన నా సెలవులు చాలా ఖర్చయ్యాయి.

ఇలా లాభం లేదని మా సంఘం అధ్యక్షులవారు ఒకరోజు నిర్ణయం తీసుకున్నారు. ఆయన రిటైరైన ఆఫీసు సూపరింటెండెంటు. రిటైరయ్యారన్న సంగతి ఆయనకు ఇంకా ఎవరూ అధికారికంగా తెలియజేయలేదు. విజయనగరం స్టేషన్ వెయిటింగ్ హాల్లో మీటింగు పెట్టి, "వాట్సాప్ అంటే సంత. మెయిల్ అంటే కార్యాలయం. ఇక మీదట మనకు మెయిల్ గ్రూపు ఉంటుంది. ఒకరు రాస్తే అందరికీ వెళుతుంది. మెయిల్ వాడేవాళ్లలో అల్లరి మనుషులుండరు" అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం. బయట బండి కూత వేయడంతో ఆ చప్పట్లు కూడా సగంలో ఆగిపోయాయి.

సొంత మెయిల్ ఉన్నవాడు పెద్దమనిషి అనే సిద్ధాంతం ఏ ఊళ్లో నడుస్తుందో గానీ మా దగ్గర నడవదు. మా విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో మెయిల్ అనేది మనిషికి ఉండదు, జిరాక్స్ షాపుకు ఉంటుంది. ఫోను కొన్నప్పుడు షాపువాడు ఏదో ఒకటి తయారుచేసి పెడతాడు, దాని పాస్‌వర్డు వాడి బుర్రలోనే ఉంటుంది. తరువాత ఎవరికి ఏ అవసరమొచ్చినా వాడి దగ్గరకే వెళ్లి వాడి మెయిల్ నుంచే పంపిస్తారు. పిల్ల హాల్‌టికెట్టు, పెళ్లికొడుకు బయోడేటా, పొలం కాగితాలు, తుపాను సాయానికి అర్జీ, అన్నీ ఒకే చిరునామా నుంచి వెళతాయి. వీధి కుళాయి దగ్గర అందరూ నీళ్లు పట్టుకున్నట్టే ఇదీను. ఇందులో సిగ్గుపడాల్సింది ఏదీ ఉందని మావాళ్లెవరికీ తోచదు. నాకూ తోచదు.

అధ్యక్షులవారికి మాత్రం ఇది తెలియదు. ఆయన ఉత్సాహంగా స్టిక్కర్లు అచ్చువేయించి ప్రతి పెట్టెలోనూ, స్టేషన్ల దగ్గర టీ కొట్ల మీదా అంటించారు. "ప్రయాణికులారా, మీ సమస్య మాకు రాయండి. మా తలుపులు అందరికీ తెరిచే ఉంటాయి" అని పెద్ద అక్షరాలు, కింద గ్రూపు మెయిల్. ఆ తెరిచిన తలుపుల్లోంచి మొదట లోపలికి వచ్చింది ఒక ప్రకటన. కళింగపట్నం వైపు ఊళ్లోని ఏదో జిరాక్స్ షాపు నుంచి వచ్చింది, "సముద్రం ఎదురుగా మీ కలల ప్లాటు" అని. వారం తిరగకుండా అప్పులవాళ్లు వచ్చారు. వాళ్ల వెనకే మోకాళ్ల నూనె కూడా దారి కనుక్కుని వచ్చేసింది.

అధ్యక్షులవారికి చిర్రెత్తుకొచ్చింది. నియమావళి వచ్చింది. కొత్త చిరునామా నుంచి వచ్చిన ప్రతి మెయిలూ 'పరిశీలన'లో ఉంటుంది. షాపుల చిరునామాలు నిషేధం. ఫోటోలు జతచేయకూడదు, చేస్తే పరిశీలకులు ముగ్గురూ ఒప్పుకోవాలి. ఆ ముగ్గురూ ఎవరంటే అధ్యక్షులు, కార్యదర్శి, అధ్యక్షుల తోడల్లుడు. ఇంతకీ ఈ నియమాల్లో ఏదీ అధ్యక్షులవారికి వర్తించదు. ఆయనకు ఏ సంస్థ శాలువా కప్పినా ఆ ఫోటో రాత్రికల్లా మా అందరికీ వచ్చేది. క్రమశిక్షణ మీద ఆయన వ్యాసాలు వచ్చేవి. ఆయన మనవరాలు కూచిపూడి వేషంలో వచ్చేది. బండి సంగతి ఒక్కటే వచ్చేది కాదు.

గ్రూపులో అతి పెద్ద చర్చ జరిగింది చేపల గంపల మీద. ఆమదాలవలసలో ఎక్కే చేపలమ్మలు గంపలతో మామూలు పెట్టెల్లోకి వస్తున్నారనీ, వాసనకు తలనొప్పి వస్తోందనీ ఒకరు మొదలుపెడితే, నలభైమంది సమర్థించి తీర్మానం కూడా చేశారు. ఆ చర్చలో ఒక్క చేపలమ్మ కూడా లేదు, వాళ్లకు మెయిల్ లేదు కాబట్టి. "వాళ్లను కూడా అడిగి తీర్మానం చేస్తే బాగుంటుంది కదా" అని నేను రాశాను. తీర్మానం అయ్యాక వచ్చిన అభ్యంతరమని అది పరిశీలనకు వెళ్లింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

నేను ఊరుకునే రకం కాదు. "అధ్యక్షులవారి శాలువాలను కూడా పరిశీలించాకే పంపిస్తే బాగుంటుంది. లేదా వచ్చే శాలువా మీద బండి వేళలు నేయించుకుంటే మాకు ఉపయోగపడుతుంది" అని ఇంకో మెయిల్ రాశాను. అది ఎలాగో అందరికీ వెళ్లిపోయింది. మర్నాడే నాకు జవాబు వచ్చింది. "మీ భాషలో వ్యంగ్యం కనబడినందున ఇకపై మీ సందేశాలన్నీ పరిశీలనానంతరమే పంపబడతాయి." ఆ తరువాత ఒకరోజు "ఇవాళ బండి గంట ఆలస్యం" అని నేను రాసిన మెయిల్ రెండోరోజు సాయంత్రం ఆమోదం పొందింది. మా పెట్టెలో అందరం పడిపడి నవ్వుకున్నాం. నవ్వులాటగానే ఉండిపోయేది, మా మావయ్య తప్పిపోకపోతే.

మా మావయ్య, అంటే మా ఆయన నాన్నగారు, పుట్టింది బొబ్బిలిలో. వయసులో ఉండగా చీపురుపల్లి వచ్చి బజార్లో కిరాణా కొట్టు పెట్టారు. ఇప్పుడు కొట్టు మా ఆయన చూస్తారు. మావయ్యకు రెండేళ్లుగా మతిమరుపు. కొట్లో కూర్చుని బొబ్బిలి బజారు సంగతులు నిన్న జరిగినట్టు చెబుతారు గానీ, పొద్దున ఏం తిన్నారో అడిగితే నా మొహం చూస్తారు. ఒక్కటి మాత్రం మరిచిపోరు. సాయంత్రం నా బండి వేళకు గొడుగు పట్టుకుని స్టేషనుకు వస్తారు. ఎండైనా వానైనా గొడుగు ఉంటుంది. పెళ్లయిన కొత్తలో మొదలైన అలవాటది. ఇంట్లో ఎవరూ ఆయనను పంపరు, ఆయనే బయలుదేరతారు. నాకు ఈ ఇంట్లో ఉన్న గౌరవమంతా ఆ గొడుగులోనే ఉందని నా నమ్మకం.

ఆ రోజు నేను ముందు పెట్టెలో ఎక్కాను. చీపురుపల్లిలో దిగేసరికి తోపులాటగా ఉంది, మావయ్య కనబడలేదు. ఆకాశం మబ్బుగా ఉంది కదా, రాలేదేమో అనుకుని నడిచి ఇంటికి వెళ్లిపోయాను. ఇంటి దగ్గర మా ఆయన, "నాన్నేడి? నీకోసమే వచ్చీసినాడు కదా" అన్నారు. ఇద్దరం స్టేషనుకు పరుగెత్తాం. టీ కొట్టు అతను చెప్పాడు, "సావుకారు గారు మీకోసం వెనక పెట్లో ఎక్కి ఎతుకుతన్నారమ్మా. ఈలోగా బండి కదిలీసినాది." నేను ముందు దిగుతున్నప్పుడు, ఆయన నన్ను వెతుక్కుంటూ వెనక ఎక్కారన్నమాట.

స్టేషన్ మాస్టరు తరువాతి స్టేషన్లకు ఫోన్లు చేశారు. అప్పటికే బండి చాలా దూరం పోయింది. పోలీసులకు చెప్పాం. మా ఆయన మోటారు సైకిలేసుకుని పొందూరు దాకా స్టేషను స్టేషనూ తిరిగారు. బంధువుల గ్రూపుల్లో ఫోటో పెట్టాం, మా పెట్టెలో తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేశాను. కానీ వాళ్లందరూ విజయనగరం వైపు మనుషులు. ఆ బండిలో పలాస దాకా వెళ్లేవాళ్లు, ప్రతి స్టేషన్లోనూ దిగేవాళ్లు, ఒకేచోట ఉన్నది ఒక్క మెయిల్ గ్రూపులోనే. మావయ్య ఫోటో, పేరు, గొడుగు, మా ఫోన్ నంబరు అన్నీ పెట్టి రాశాను. క్షణంలో జవాబు వచ్చింది. "మీ సందేశం పరిశీలనలో ఉంది. మీ ఓపికకు ధన్యవాదాలు."

నాకు ఓపిక ఉందని వాళ్లకు ఎవరు చెప్పారో తెలియదు. పొద్దున్నే అధ్యక్షులవారికి ఫోన్ చేశాను.

"చూశాను మేడమ్, అందింది" అన్నారాయన. "మీరు ఫోటో జతచేశారు. దానికి ముగ్గురి ఆమోదం కావాలి. కార్యదర్శిగారు సాలూరులో పెళ్లిలో ఉన్నారు."

"మావయ్య తప్పిపోయారండీ."

"అర్థమైంది మేడమ్. అందుకే పద్ధతి ప్రకారం వెళదాం. తప్పిపోయినవాళ్ల పేరుతో ఎన్ని దొంగ ఫోటోలు తిరుగుతున్నాయో మీకు తెలియనిది కాదు. ఒకటి వదిలితే మళ్లీ సంతే."

అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆ మాటలో నిజం ఉంది. ఎప్పుడో దొరికి, బడికి కూడా వెళుతున్న పిల్లలు మా ఫోన్లలో ఇంకా తప్పిపోతూనే ఉన్నారు. అయితే నేను ఎవరో ఆయనకు తెలుసు. ఆయన చీపురుపల్లిలో పనిచేసిన రోజుల్నుంచీ మా కొట్టు తెలుసు. మావయ్య కొట్లో కూర్చుని ఆయనకు బెల్లం తూచి ఇచ్చిన రోజులున్నాయి. తెలిసిన మనిషిని తెలిసిన మనిషిగా చూడటానికి కూడా ముగ్గురు సంతకం పెట్టాలంటే ఏం చెయ్యాలి? "మీ దయ" అని ఫోన్ పెట్టేశాను. ఆ రోజంతా ఆమదాలవలస, శ్రీకాకుళం ఆసుపత్రులూ బస్టాండులూ తిరిగాం. ఆ తెల్లవారుజామునే తుపాను హెచ్చరిక కూడా వచ్చింది. ఎక్కడ తడుస్తున్నారో, ఏం తిన్నారో అని ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. నా కోసం ఎక్కి పోయిన మనిషి. నాకు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చేది, కోపం తగ్గగానే ఏడుపు వచ్చేది.

ఆ మర్నాడు పొద్దున్నే అధ్యక్షులవారి ఇంటికే వెళ్లాం. విజయనగరం కోట దగ్గర సందులో ఇల్లు. ఆయన ఉప్మా తింటున్నారు. మమ్మల్ని కూర్చోబెట్టి, చెయ్యి కడుక్కుని, కంప్యూటరు మీద కప్పిన గుడ్డ తీశారు. మానిటరుకు కుంకుమబొట్టు ఉంది. నేను కోపంగా ఉన్నానని ఆయనకు తెలిసినట్టుంది, తన కష్టాలు చూపిస్తే చల్లారతానని అనుకున్నారు.

"మీరంతా నన్ను ఆడిపోసుకుంటారు మేడమ్. ఇక్కడికి ఎంత చెత్త వస్తుందో ఒక్కసారి చూడండి" అని పరిశీలన పెట్టె తెరిచారు. "ఇదిగో, మోకాళ్ల నూనె. ఇది అప్పులవాళ్లు. ఇది మీది, ఉంది, ఎక్కడికీ పోలేదు. ఇదిగో, దీని కిందది చూడండి. ఆ సముద్రం ప్లాట్లు పంపిన జిరాక్స్ షాపే. నిషేధించినా సిగ్గు లేకుండా మళ్లీ పంపారు. సబ్జెక్టు లేదు, సంతకం లేదు. ఎవరో ముసలాయన నులకమంచం మీద కూర్చుని అంబలి తాగుతున్న ఫోటో. దీన్ని ఏమనాలి చెప్పండి."

"మావయ్య అనాలండీ" అన్నాను.

మా ఆయన లేచి నిలబడ్డారు. ఫోటోలో మావయ్యే. మంచం కోడుకు గొడుగు తగిలించి ఉంది. ఫోటో కింద నాలుగు ముక్కలు: "ఈ తాత మా ఇంటికాడ ఉన్నాడు. బొబ్బిలంటన్నాడు. బువ్వ తింటన్నాడు. మీ బండోల్లే ఎవులో అయ్యుంటారు. అందరికీ సెప్పండి." కింద షాపు నంబరు. నా మెయిల్ వెళ్లిన మర్నాడు మధ్యాహ్నం వచ్చింది అది. ఆయన కోసం మేము పెట్టిన కేకా, ఆయన ఇక్కడున్నారు అనే కేకా, ఆ పెట్టెలో ఒకదాని కింద ఒకటి పడుకుని ఉన్నాయి. రెండింటిలోనూ అదే మొహం.

"రెండూ ఒకే మనిషి అని మీకు తోచలేదా?" అన్నాను.

ఆయన కళ్లద్దాలు సర్దుకుని రెండు ఫోటోలూ చూశారు. "ఒక్కొక్క సందేశాన్నీ విడిగా పరిశీలిస్తాం మేడమ్. కలిపి చూడటం మన పద్ధతిలో లేదు" అన్నారు. అన్నాక ఆయనకే ఎలాగో అనిపించినట్టుంది, మొహం తిప్పుకున్నారు. మా ఆయన అప్పటికే షాపుకు ఫోన్ చేసి మాట్లాడుతున్నారు. మేము చెప్పులు వేసుకుంటుంటే అధ్యక్షులవారు గుమ్మం దాకా వచ్చి అడిగారు, "దొరికారు కాబట్టి, మరి మీ సందేశం తిరస్కరించమంటారా, ఆమోదించమంటారా?"

మీ ఇష్టం అని బస్టాండుకు ఆటో ఎక్కాను. ఆయన పాపం రెండూ ఆమోదించారు. కార్యదర్శి ఒప్పుకున్నారా, తోడల్లుడు ఒప్పుకున్నారా అన్నది నేను అడగలేదు. ముందు వెళ్లింది మంచం మీద ఫోటో. మేము శ్రీకాకుళం దాటి కళింగపట్నం రోడ్డు మీదకు వచ్చేసరికి నా ఫోన్ మోగడం మొదలుపెట్టింది. మా గ్రూపుల్లో పెద్దవాళ్ల ఫోటో వస్తే ఎవరూ కింద రాసింది చదవరు, చేతులు వాటంతట అవే కదులుతాయి. "ఓం శాంతి." "వారి ఆత్మకు శాంతి కలగాలి." "పెద్దాయన ఎప్పుడూ నవ్వుతూ పలకరించేవారు, తీరని లోటు." ఈ చివరిది రాసినాయన మావయ్యను జన్మలో చూడలేదు. కార్యదర్శిగారు సాలూరు పెళ్లి నుంచే తీవ్ర సంతాపం తెలిపారు. ఇవన్నీ ఒక్క నిమిషం కూడా పరిశీలనలో ఉండలేదు.

మా ఆయనకు చూపించాను. నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

సముద్రం ఒడ్డు ఊరు అది. తుపాను భయానికి పడవలన్నీ పైకి లాగేసి ఉన్నాయి. ఇల్లు చూపించడానికి జిరాక్స్ షాపతను ఎదురొచ్చాడు. గుమ్మంలో నిలబడ్డావిడను చూడగానే గుర్తుపట్టాను. మా బండిలో గంపతో ఎక్కే మనిషే, నలభైమంది కలిసి తీర్మానం చేసిన మనుషుల్లో ఒకావిడ.

"కోడలివి నువ్వేనేటి?" అంది. "వచ్చిన కాణ్ణుంచీ కోడలొస్తాది, కోడలొస్తాది అంటన్నాడు. ఆ దినం బండిలో సీటు సీటూ సూసుకుంటా ఎతుకుతన్నాడు. ఏ ఊరయ్యా అంటే బొబ్బిలంటాడు. మేం ఆమదాలవలసలో దిగితే మాతోపాటు దిగీసినాడు. సీకటడిపోనాది, ముసిలోడు, ఒగ్గీసి ఎలా వచ్చీగలం?"

"పోలీసులకు చెప్పలేదా పిన్నీ?"

"సెప్పినాం. బొబ్బిలన్నాడు గదా, ఆళ్లు బొబ్బిలికి కబురెట్టినారు. నేనే బండెక్కి సీపురుపల్లి దాకా అడుగుదునమ్మా, తుపానని యాటకెల్లనేదు, సేపల్లేవు, బండెక్కనేదు. అప్పుడు మా బండి డబ్బాలో అంటించిన కాయితం గుర్తొచ్చినాది. రాయండి, తలుపులు తెరిసే ఉంటాయని ఉంటాది గదా. ఈ బాబు సేత రాయించినాం." ఆవిడ షాపతన్ని చూపించింది. తరువాత నన్ను సూటిగా చూసి అడిగింది, "మేం రాసింది ఎవులూ సదవనేదేటి?"

"చదివారు పిన్నీ. చదివి పక్కన పెట్టారు."

"ఏల?"

నియమావళికి ఆవిడ భాషలో మాట లేదు. ఆవిడ చేతులు పట్టుకున్నాను. నెత్తళ్ల చేపల వాసన వస్తోంది ఆ చేతులకు. "సర్లే, లోపలికి రా, గాలి" అంది.

మావయ్య వసారాలో మంచం మీద రోడ్డు వైపు తిరిగి కూర్చున్నారు. కాళ్లకు చెప్పులు వేసుకునే ఉన్నారు. ఉతికిన లుంగీ ఎవరిదో కట్టారు. మా ఆయనను చూసి ఎవరో తెలిసినవాళ్లన్నట్టు తలూపారు. నన్ను చూసి మాత్రం లేచారు.

"ఏ బండికొచ్చినావమ్మా? ఆ దినం నువ్వు దిగనేదు."

"దిగినాను మావయ్యా. ముందు పెట్లోంచి దిగినాను."

ఆయన మళ్లీ కూర్చున్నారు. చెయ్యి మంచం పట్టె మీద రాస్తూ, పక్కవాళ్లకు వినబడకూడదన్నట్టు గొంతు తగ్గించి, "నాకోసం ఎవరూ అడగనేదేటమ్మా?" అన్నారు.

"అడిగినాం మావయ్యా. ఆ పూటే అందర్నీ అడిగినాం."

"మరి నాకినపడనేదే" అన్నారు.

మావయ్యకు మతిమరుపే గానీ చెవుడు లేదు.